శాలువాతో సరిపెట్టడమేనా?

సంపాదకులకు,

గల్వాన్‌లో 2020 జూన్ 15న వీరమరణం పొందిన కర్నల్ సంతోష్‌బాబుకు మహావీర్ చక్ర దక్కడం, సూర్యాపేటలో ఆయన విగ్రహం వెలియడం మన ఉమ్మడి నల్లగొండకు గర్వకారణం. అయితే బతికి తిరిగొచ్చిన సైనికుల సంగతి ఎవరికీ పట్టదు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింది భాగం చచ్చుబడిన సైనిక బాక్సర్ మురళీకాంత్ పేట్కర్, ఈతలో రాణించి 1972 హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో దేశానికి తొలి స్వర్ణం సాధించినా, పద్మశ్రీ అందుకున్నది 2018లో!

మా మండల కేంద్రంలో ఒక మాజీ హవల్దార్ తెల్లవారకముందే స్టాప్‌వాచ్ పట్టుకొని, సైన్యంలో చేరదలచిన పిల్లల చేత 1,600 మీటర్ల పరుగు సాధన చేయిస్తుంటారు. పంద్రాగస్టు నాడు ఆయనకు దక్కేది ఒక శాలువా, అదీ నాయకుల సన్మానాలన్నీ ముగిశాక. ఇలాంటి వారికి గౌరవవేతనంతో శిక్షణ బాధ్యతలు అప్పగించి, జిల్లా క్రీడాపోటీల బహుమతులు వారి చేతుల మీదుగానే ఇప్పించాలని అధికారులను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా