చామంతి కుండీల విషయమై మీరు మూసివేసిన ఫిర్యాదు గురించి

విశాఖపట్నం

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

అయ్యా,

పూల మొక్కలంటూ మీరు ప్రకటించిన బంతి, సీతమ్మవారి జడగంటలు, చామంతి కుండీలను నేను తెప్పించుకున్నాను. మొదటి రెండూ బాగానే ఉన్నాయి. చామంతులు మాత్రం వచ్చిన వారంలోపే తలలు వేలాడేశాయి. మొక్కలన్నాక కొన్ని పోతాయి, అందుకు ఉత్తరం రాసే తీరిక నాకు లేదు. పోయిన మొక్క గురించి నాలుగు మాటలు వినే మనిషి మీ సంస్థలో దొరకనందుకు రాస్తున్నాను.

తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కినా హిందీలోనే పలకరించిన అమ్మాయి, కుండీలో తడి ఆరక కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయని నేను చెప్పిందంతా విని, రెండు పూటలా నీళ్లు పోయమని సలహా ఇచ్చింది. తరువాత ఫోనెత్తిన అబ్బాయి మొగ్గలు రాలేదన్న ఒక్క మాటే పట్టుకుని, రాత్రిపూట కుండీని హాల్లో ట్యూబ్‌లైటు కింద ఉంచమన్నాడు. పగటి పొద్దు తగ్గి రాత్రి చీకటి నిడివి పెరిగితేనే చామంతి మొగ్గ తొడుగుతుందనీ, వీధిదీపం వెలుగు పడినా పూత వెనకబడుతుందనీ మొక్కలమ్మే సంస్థకు నేను చెప్పవలసి వచ్చింది. కడియం నర్సరీల్లో కుండీలు మోసే కుర్రాడినడిగినా ఆ మాట చెబుతాడు.

వేర్ల ఫొటో లేనిదే ఫిర్యాదు ముందుకు కదలదని మరొకరు అన్నారు. సరేనని పాత చీర పరచి, కుండీ బోర్లించి మొక్కను బయటికి తీశాను. కొబ్బరి పొట్టు పిండితే నీరు కారింది. గోధుమరంగుకు తిరిగిన వేరును పట్టి లాగితే పైతోలు ఊడివచ్చి, లోపలి సన్నని పోగు మాత్రం మిగిలింది. కుండీ అడుగున చిల్లులుండవలసిన చోట గుండ్రని గుర్తులే ఉన్నాయి తప్ప ఒక్కటీ పొడిచి లేదు. ఇవన్నీ ఫొటోలు తీసి పంపితే, మొక్కను కుండీలోంచి తీసినందున గ్యారంటీ వర్తించదని జవాబు వచ్చింది. తీయమన్నది మీరే కదా అంటే, అలా అన్న ఉద్యోగి పేరు చెప్పమన్నారు. ఉద్యోగుల పేర్లు చెప్పకూడదన్న నిబంధన ఉందని అంతకుముందే మీవాళ్లు నాకు సెలవిచ్చి ఉన్నారు.

ఆ మర్నాడు "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని సందేశం వచ్చింది. మూసిన ఫిర్యాదును తిరిగి తెరవడం కుదరదట, కొత్తది పెట్టుకోవాలట; కొత్తది పెట్టబోతే ఆ ఆర్డరుపై ఇప్పటికే ఒక ఫిర్యాదు ఉందంటూ మీ యాప్ తీసుకోదు. మీ చాట్‌బాట్ మాత్రం ఎప్పుడు తట్టినా నమస్కారం పెడుతుంది. మీ దగ్గర మర్యాద తెలిసినది అదొక్కటే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా డాబా మీది తోటనంతా ఊడ్చుకుపోయాక, మళ్లీ కుండీలు పేర్చుకున్నది మీ దగ్గర కొన్న మొక్కలతోనే. ఉప్పుగాలికి ఆకుల కొసలు మాడే ఈ ఊళ్లో ఏ మొక్క నిలుస్తుందో అప్పట్లో మీవాళ్లు ఓపిగ్గా చెప్పేవారు. ఎంవీపీ కాలనీలో మా వీధివాళ్లకు మీ పేరు చెప్పింది నేనే; ఇప్పుడు వాళ్లు ఏం కొనాలని అడిగితే ఏం చెప్పాలో మీరే తెలియజేయండి.

ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. డబ్బు తిరిగి ఇస్తారో, వేరే మొక్కలు పంపుతారో తరువాత మాట్లాడుకుందాం. ముందు, తన పేరు రాసి సంతకం పెట్టగల మనిషి నుంచి నాకు జవాబు రావాలి. రాని పక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. చిల్లులు లేని కుండీలను అలాగే భద్రపరిచాను. ప్రతి కాల్‌నూ రికార్డు చేస్తున్నామని మొదట్లోనే చెప్పేది మీరే గనుక, ట్యూబ్‌లైటు సలహాతో సహా ఆ రికార్డులన్నీ కమిషన్ ముందు వినిపించమని కోరతాను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు