ఇంట్లో టమాటా నారు సన్నగా సాగిపోతుంటే

మిద్దెతోట మిత్రులకి నమస్కారం. మొగల్రాజపురం అక్కా, మట్టి లేకుండా పోషకాల నీళ్లలో (హైడ్రోపోనిక్స్) పెంచుతున్న మీ టమాటా నారు ఫోటో చూశాను. అలా పొడుగ్గా సాగి వాలిపోతోందంటే ఎరువు తక్కువై కాదు, వెలుతురు చాలక. కిటికీ వెలుగుని నమ్ముకోవద్దు. ఎల్ఈడీ గ్రోలైటు (మొక్కలు పెంచే దీపం) మొక్కలకి దగ్గరగా దించి రోజుకి 14 నుంచి 16 గంటలు వెలిగించండి. రాత్రి ఆపేయాలి, టమాటాకి చీకటీ కావాలి. చిన్న ఫ్యాను గాలి మెల్లగా తగిలేలా పెట్టండి. మొక్క ఊగేకొద్దీ కాండం గట్టిపడుతుంది.

పోషకాల నీళ్ల పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) 5.5, 6.5 మధ్య ఉంచండి. ఈసీ (నీళ్లలో పోషకాలు ఎంత కరిగి ఉన్నాయో చెప్పే కొలత, mS/cm లో) నారుకి 1 నుంచి 1.5, కాయలప్పుడు 2 నుంచి 3.5. ఆర్ఓ నీళ్లయితే (ఫిల్టరు లవణాలు తీసేస్తుంది కాబట్టి) కాల్షియం, మెగ్నీషియం విడిగా కలపాల్సిందే, లేకపోతే కాయ అడుగు నల్లబడుతుంది.

బెజవాడలో అసలు బెడద వేరే ఉంది: వేళ్లు మునిగుండే తొట్టిలో పోషకాల నీళ్లు వేడెక్కడం. 25 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గి వేళ్లు కుళ్లే ప్రమాదం. తొట్టికి తెల్లరంగు వేయండి, ఎయిర్ పంపు ఆపొద్దు, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి పడేయండి. ఏసీ లేని గదిలో మే నెల పూత రాలడం ఖాయం, కాబట్టి దసరా తర్వాత మొదలెట్టడమే నయం.

పూత వచ్చాక గుత్తుల్ని రోజూ పొద్దున వేలితో తట్టండి, ఇంట్లోకి తేనెటీగలు రావు కదా. ఈసీ మీటరు లేనివాళ్లు నాది తీసుకెళ్లొచ్చు. కడిగి ఇవ్వండి బాబూ!