కేసు పడితేనే కామెడీ వార్తా?

సంపాదకులకు,

స్టాండప్ కామెడీ మన పత్రికలకెక్కాలంటే ఎవరో ఒకరు పోలీసు స్టేషన్ మెట్లెక్కాలి. 2025 ఫిబ్రవరిలో ‘ఇండియాస్ గాట్ లేటెంట్’ అనే యూట్యూబ్ కామెడీ షోలో ఒక అసభ్యమైన ప్రశ్న మీద గొడవైనప్పుడూ అదే జరిగింది. ఆ షోలోనే జస్‌ప్రీత్ సింగ్ అనే కమెడియన్ ‘సార్, సార్’ అంటూ మలయాళీల యాసను సాగదీసి, కేరళ అక్షరాస్యతను వెక్కిరించాడు. మలయాళీలకు తోడుగా మనవాళ్లూ సోషల్ మీడియాలో బాగానే తిట్టారు. తిట్టాల్సిందే. వింధ్య దాటితే అందరూ ‘మద్రాసీ’లే అనే మాట మనమూ చాలాకాలం పడ్డాం. విచిత్రమేమిటంటే, సర్దార్జీ జోకులతో దశాబ్దాలుగా విసిగిపోయిన సిక్కుల్లోంచి వచ్చినవాడే ఆ కమెడియన్.

మరి మన ఇంటి సంగతి? హైదరాబాద్‌లో వారాంతాల్లో కెఫేల్లో జరిగే షోలకు వెళ్లి చూడండి. మైకు పట్టుకున్న కుర్రాడు ముందు వరసలో వాళ్లను ‘బ్రో, ఏ ఊరు?’ అంటాడు. కడప అంటే ‘బ్యాగులో బాంబులున్నాయా?’, భీమవరం అంటే కోడిపందేలు, తమిళుడైతే సాంబారు, మార్వాడీ అయితే పిసినారితనం. నేను చూసిన ఒక షోలో ఒకమ్మాయి శ్రీకాకుళం అనగానే ‘ఏదీ, మీ యాసలో ఒక ముక్క మాట్లాడు’ అని పట్టుకున్నాడు. ఆమె మామూలుగా మాట్లాడింది. ‘అది కాదు, అసలుది’ అన్నాడు. నలుగురూ నవ్వుతుంటే తనూ నవ్వేసి ఫోన్‌లో తల దూర్చేసింది.

యాస మీద జోకు వేశాడని కాదు నా కోపం. అసలు అందులో జోకే లేదు. పనిమనిషికి ఉత్తరాంధ్ర యాస, ఫ్యాక్షనిస్టుకు సీమ యాస తగిలించి సినిమాలూ టీవీ స్కిట్లూ మనకు అలవాటు చేసిన నవ్వు అది. హీరోకు ఒక భాష, రౌడీకీ కమెడియన్‌కూ మా భాషా అని తెలంగాణ ఉద్యమం రోజుల్లో నిలదీశారు కదా. ఆ ప్రశ్న ఈ కెఫేల దాకా వచ్చినట్టు లేదు.

అదే సాయంత్రం ఓపెన్ మైక్‌లో, అంటే కొత్తవాళ్లకూ కాసేపు మైకు ఇచ్చే చోట, ఒక కడప కుర్రాడికి ఐదు నిమిషాలు దొరికాయి. అద్దె ఇంటికి వెళ్తే ఓనరు మూడు నెలల అడ్వాన్స్ అన్నాడట. ఊరు కడప అని తెలియగానే ‘మీ ఇష్టం సార్, ఎంతిస్తే అంత’ అన్నాడట. హాలంతా పగలబడి నవ్వింది. ఇందులోనూ కడప ఉంది, బాంబుల భయమూ ఉంది. నవ్వు మాత్రం ఓనరు పిరికితనం మీద. సొంత ఊరివాడు కాబట్టి చెల్లిందంటారేమో, నేనొప్పుకోను. అమ్మానాన్నల ఇంగ్లిషును వెక్కిరిస్తూ నెట్టుకొచ్చిన ప్రవాస కమెడియన్లు లేరా?

పోనీ కోర్టుకెళ్దామా? సర్దార్జీ జోకుల వెబ్‌సైట్లను నిషేధించాలని ఒక సిక్కు మహిళా న్యాయవాది 2015లో సుప్రీంకోర్టుకెళ్లారు. జనం ఎలా మెలగాలో నీతి సూత్రాలు తాము చెప్పలేమని 2017లో కోర్టు తేల్చేసింది. మంచిదే అనుకుంటాను. లేదంటే ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అంటూ ప్రతి సంఘం నాయకుడూ టీవీ కెమెరాల ముందుకొస్తాడు. ఆయన మనోభావాలే మొత్తం సమాజం మనోభావాలు అయిపోతాయి.

తెలుగు మూలాలున్న అమెరికన్ కమెడియన్ హరి కొండబోలు వేరే దారి పట్టాడు. ‘ది సింప్సన్స్’ కార్టూన్‌లో అపు అనే భారతీయ దుకాణదారుడికి 1990 నుంచి గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. ఆ పాత్ర పేరుతో, ఆ యాసతో బడిలో ఏడిపించారని చెప్పిన దక్షిణాసియా మూలాల నటుల్ని కూర్చోబెట్టి కొండబోలు 2017లో డాక్యుమెంటరీ తీశాడు. కార్టూన్‌ని ఆపేయమనలేదు. తను దాని అభిమానినేనని చెప్పుకుంటూనే తప్పెక్కడుందో చూపించాడు. అతణ్ని తిట్టినవాళ్లూ తక్కువేం కాదు. 2020లో అజారియా ఆ పాత్రకు గొంతు ఇవ్వడం మానుకున్నాడు.

అందుకే మీకు ఈ ఉత్తరం. శుక్రవారం వచ్చే ప్రతి సినిమాకూ రివ్యూ రాస్తారు, శనివారం షోకు ఒక్క విలేకరినీ పంపరు. పంపండి. ఏ జోకు పేలింది, ఏది ఊరి పేరు మీద బతికేసింది, ఎవరు కొత్తగా రాస్తున్నారు అన్నది పేర్లతో సహా రాయించండి. సినిమా పేజీలో పావు కాలమ్ చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్