తెల్ల అనెమొన్ కొన్నవాళ్లకు

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునే ఇళ్లు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నాయి. నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపను కొన్నవాళ్లు, దానికి తోడుగా సీ అనెమొన్ కూడా కావాలంటారు. నీలం లైటు కింద పాలనురుగులా మెరిసే తెల్ల అనెమొన్‌ను అరుదైన రకమని చెప్పి అమ్ముతుంటారు. నిజానికి ఆ తెలుపు ఆకలికి గుర్తు. అలాంటిదాన్ని ఇప్పటికే ఇంటికి తెచ్చుకున్నవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

అనెమొన్ చూడ్డానికి పువ్వులా ఉన్నా జంతువే. దాని కణాల్లో గోధుమరంగు సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి కనబడనంత చిన్న నాచులాంటివి, కాపురముంటాయి. వెలుతురుతో అవి తయారుచేసుకునే ఆహారంలో పెద్ద వాటా అనెమొన్‌కే పోతుంది. నీళ్లు వేడెక్కినా, ఉప్పు శాతం ఒక్కసారిగా మారినా, రోజుల తరబడి సంచిలో చీకట్లో ఉన్నా, అలవాటు లేని లైటు నెత్తిన పడినా ఆ శైవలాలు దెబ్బతిని బయటికి పోతాయి. అప్పుడు మిగిలేది రంగులేని ఒళ్లు. ఇళ్లలో ఎక్కువగా పెంచే బబుల్ టిప్, సెబే, హడ్డోనీ అనే అనెమొన్ రకాలు ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎక్కువగా గోధుమ, బూడిద, ఆకుపచ్చ ఛాయల్లో ఉంటాయి. బబుల్ టిప్‌లో ఎరుపు కూడా ఉంది. కొసలు మాత్రమే ఊదాగా ఉండి మిగతాదంతా తెల్లగా ఉన్న సెబేని చూసి మురిసిపోవద్దు. నిమ్మపండు పసుపులోనో, మిఠాయి గులాబీలోనో ఉంటే రంగులో ముంచిందేమోనని అనుమానించాలి. ఆ రంగు కొన్ని వారాల్లో వెలిసిపోయి, కింద తెలుపు బయటపడుతుంది.

ముందు నీళ్ల సంగతి. కల్యాణి డ్యాం నీళ్లయినా, తెలుగుగంగ నీళ్లయినా, బోరు నీళ్లయినా నేరుగా పనికిరావు. వంటింటి ఆర్వో మిషన్లలో చాలావాటికి రుచి కోసం ఖనిజాలు కలిపే ఏర్పాటు ఉంటుంది కాబట్టి వాటి నీళ్లూ, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లూ సరిపోవు. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గుండా పోయిన నీళ్లు కావాలి, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. లీటరుకు సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ (అక్వేరియాల కోసం తయారుచేసే ఉప్పు మిశ్రమం) వేసి, పంపు పెట్టి కనీసం కొన్ని గంటలు కలియనివ్వాలి. వంట ఉప్పు, కల్లుప్పు వేయకూడదు. సాంద్రత 1.025 నుంచి 1.026, వేడి 25-26 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, ఆల్కలినిటీ (నీళ్లు ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) దాని కొలత అయిన డీకేహెచ్‌లో 8-9 ఉండాలి. నైట్రేట్‌ను కూడా సున్నాకి దించాలని చాలామంది తాపత్రయపడతారు. అది పొరపాటు. శైవలాలు మళ్లీ పెరగాలంటే వాటికీ ఎరువు కావాలి. నైట్రేట్ 5-10 పీపీఎం (సుమారుగా లీటరుకు అన్ని మిల్లీగ్రాములు), ఫాస్ఫేట్ 0.03-0.1 పీపీఎం ఉంటే మంచిది. వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే చాలు.

మన ఊళ్లో అసలు గండం వేసవి. రోహిణి కార్తెలో మూసిన గదిలోని తొట్టె 32 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు, కోలుకుంటున్న అనెమొన్ మళ్లీ తెల్లబడటానికి అది చాలు. నీళ్లను చల్లబరిచే చిల్లర్ మిషన్ కొనలేనివాళ్లు నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయితే నీళ్లు వేగంగా ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు మంచినీళ్లే, అంటే డీఐ నీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోస్తూపోతే సాంద్రత రోజురోజుకూ ఎక్కుతుంది. కరెంటు పోయినప్పటికి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి చేతికందేలా ఉండాలి.

లైటు దగ్గర తొందరపడేవాళ్లే ఎక్కువ. శైవలాలు కావాలంటే వెలుతురు కావాలి కదా అని ఎల్ఈడీని నూటికి నూరు శాతం పెడతారు. ఒంట్లో మిగిలిన కొద్దిపాటి శైవలాలు అంత వెలుతురును మోయలేవు, అవీ పోతాయి. శైవలాలకు పనికొచ్చే వెలుతురును కొలిచే పార్ మీటరు దొరికితే అనెమొన్ ఉన్నచోట 80-100తో మొదలుపెట్టి, ఆరేడు వారాల్లో 200 దగ్గరికి తేవాలి. మీటరు లేకపోతే లైటును మామూలుగా వాడే దానిలో మూడో వంతుకు తగ్గించి, రోజుకు ఆరు గంటలు వెలిగించి, వారానికి ఐదు శాతం చొప్పున పెంచాలి. పూర్తిగా చీకట్లో పెట్టడమూ తప్పే.

శైవలాలు తిరిగి వచ్చేదాకా వంట మనదే. మార్కెట్లో దొరికే పచ్చి రొయ్య తీసుకుని, పెంకూ నల్లటి నరమూ తీసి కడిగి, కందిపప్పు బద్దంత ముక్కలు చేయాలి. ఉప్పూ పసుపూ పట్టించింది వద్దు. ఫ్రీజర్‌లో ఉంచుకుని, కావలసిన ముక్కను తొట్టె నీళ్లలోనే కరగనివ్వాలి. పంపులు పావుగంట ఆపి, పొడవాటి పట్టకారుతో గానీ పిప్పెట్‌తో (పీల్చి వదిలే సన్నని గొట్టం) గానీ ముక్కను నోటి దగ్గరి స్పర్శకాలకు తాకించాలి. అవి అతుక్కుని నోటివైపు వంగితే పట్టు ఉన్నట్టే. వారానికి రెండు మూడుసార్లు, ఒకసారికి ఒకటి రెండు ముక్కలు. పెద్ద రొయ్య మొత్తం పెడితే బలం వస్తుందనుకోవడం ఎక్కువగా కనబడే పొరపాటు. నీరసంగా ఉన్న జీవికి దాన్ని అరిగించుకునే సత్తువ ఉండదు, కొన్ని గంటల్లో అలాగే కక్కేస్తుంది. కక్కితే రెండు రోజులు ఆగి, ముక్కను సగానికి తగ్గించాలి. ఏ ముక్కా పట్టనంత బలహీనంగా ఉంటే మైసిస్‌ను (రొయ్యల్లాంటి చిన్న జీవులు, చేపల మేత) మెత్తగా చేసి పిప్పెట్‌తో మెల్లగా వదలాలి. గంటలో తిననిదాన్ని తీసేయాలి. మర్నాడో ఎల్లుండో నోట్లోంచి గోధుమరంగు తీగల్లాంటిది వస్తే కంగారు వద్దు, అది వ్యర్థమే.

ఈ వైద్యం సాగినన్నాళ్లూ క్లౌన్ చేపను వేరుగా ఉంచండి. అది ఒళ్లు రుద్దుకుంటుంటే బలహీనమైన అనెమొన్ ముడుచుకుపోతుంది, నోటి దగ్గరి ముక్కనూ లాగేసుకుంటుంది. తొట్టెలో పెరిగే క్లౌన్‌కు అనెమొన్ లేకపోయినా లోటేమీ లేదు. తొట్టెలో నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ పంపుకు జాలీ గానీ స్పాంజి గానీ కట్టడం మరవద్దు. చోటు నచ్చని అనెమొన్ రాత్రికి రాత్రే నడిచి వెళ్లి అందులో పడుతుంది. రాయికి పట్టుకున్న పాదాన్ని బలవంతంగా పీకితే చిరుగుతుంది, ఆ గాయం మానడం కష్టం. చేపల మచ్చల జబ్బుకు వాడే రాగి మందు ఎప్పుడైనా వేసిన తొట్టెలో దీన్ని పెట్టనే కూడదు. మందుల దుకాణంలో సిప్రోఫ్లాక్సాసిన్ కొని వేసేవాళ్లూ ఉన్నారు. కేవలం తెల్లబడటానికి సూక్ష్మజీవులు కారణం కాదు కాబట్టి యాంటీబయాటిక్ వల్ల ప్రయోజనం లేదు, ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా చస్తే నష్టం అదనం.

రంగు తిరగడానికి వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు. నీలం లైటు కింద తేడా తెలియదు. వారానికోసారి ఒకే తెల్ల లైటు కింద, ఒకే చోటి నుంచి ఫొటో తీసి పోల్చుకుంటే లేత తేనెరంగు ఎక్కడం కనబడుతుంది. రోజులో ఒకసారి ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటే భయం లేదు. నోరు తెరుచుకునే ఉండి, ఒళ్లు పొరలుగా ఊడుతూ, నీళ్లు కుళ్లు వాసన వేస్తే మాత్రం అది పోయినట్టే. వెంటనే తీసేసి, మూడో వంతు నీళ్లు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ వేయాలి. ఆలస్యమైతే తొట్టెలోని చేపలూ పోతాయి.

దుకాణదారులకు ఒక విన్నపం. తెల్లబడ్డ అనెమొన్ వస్తే నీలం లైటు ఆర్పి చూపించండి, రొయ్య ముక్క పట్టి మింగేదాకా అమ్మకండి. ఆరు నెలలైనా నిండని తొట్టె ఉన్నవాళ్లు అడిగితే, ఇప్పుడే వద్దని చెప్పండి.

ఇట్లు,
ఉప్పునీటి తొట్టెలు పెంచే కొందరం,
తిరుపతి