వార్షిక నివేదిక: గో పుస్తకాల ఎంపిక, తెప్పించుకునే పద్ధతి, చదివే వరుస

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన గో (నల్ల, తెల్ల రాళ్లతో బోర్డు మీద ఇద్దరు ఆడే ఆట) సంఘం శ్రమలో సింహభాగం గ్రంథాలయానికే పోయింది. నల్లగొండలోనూ పాలమూరులోనూ ఆదివారం ఆటలు మామూలుగానే నడిచాయి. వేసవి సెలవుల్లో పిల్లలకు 9×9 బోర్డు మీద పాఠాలు, దసరా సెలవుల్లో హ్యాండిక్యాప్ పోటీ (బలహీనులకు ముందే కొన్ని రాళ్లు ఇచ్చి ఆడించేది) జరిగాయి. వాటి వివరాలు అప్పుడే నోటీసు బోర్డులో పెట్టాం కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో కోశాధికారి చదివి వినిపిస్తారు. సభ్యులు పదేపదే అడిగేది మాత్రం పుస్తకాల గురించే: ఏది కొనాలి, దాని తర్వాత ఏది చదవాలి, ఎలా తెప్పించుకోవాలి. అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇచ్చాం.

కార్యవర్గం అభిప్రాయం ముందే చెబుతున్నాం. ఆట మెరుగుపడాలంటే మొదట డబ్బు, సమయం రెండూ సమస్యల పుస్తకాల మీదే పెట్టాలి. ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తులు) పుస్తకం ఒక్కటి చాలు, అదీ తర్వాతే. జోసెకి (మూలల్లో ఇద్దరూ ఆడే, స్థిరపడిన ఎత్తుల వరుస) నిఘంటువు అన్నిటికన్నా ఆఖరున. కొత్తవాళ్ళలో చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. లావుపాటి జోసెకి పుస్తకం కొని, మూలల్లో పది పదిహేను ఎత్తులు కంఠతా పడతారు. ఎదుటివాడు పుస్తకంలో లేని రాయి ఒక్కటి పెడితే చాలు, ఏం చేయాలో తోచదు. ఆ రాయి ఎందుకు తప్పో చూపించాలంటే లాడర్ (పారిపోయే రాళ్లను మెట్ల వరుసగా తరిమి పట్టడం) లెక్క రావాలి, గుంపు బతుకుతుందో లేదో కనబడాలి. ఆ చూపు జోసెకి పుస్తకం నుంచి రాదు.

మొదటి మెట్టు

నియమాలు నేర్చుకోవడానికి డబ్బు పెట్టనక్కర్లేదు. కార్ల్ బేకర్ రాసిన 'ది వే టు గో' చిన్న పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పులి-మేక ఆడిన పిల్లలకైతే అసలు సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు: మేకలు పులికి దారి లేకుండా చుట్టేసినట్టే, రాయికి ఆనుకున్న ఖాళీలన్నీ మూస్తే రాయి పోతుంది. నియమాలు తెలిశాక 9×9 మీద కొన్ని ఆటలు ఆడి, అప్పుడు పుస్తకం పట్టుకోవాలి. ఒక్క ఆటా ఆడకుండా పుస్తకం తెరిస్తే బొమ్మలు కనిపిస్తాయి తప్ప అర్థం కావు.

కొనాల్సిన మొదటి పుస్తకంగా కానో యోషినోరి 'గ్రేడెడ్ గో ప్రాబ్లమ్స్ ఫర్ బిగినర్స్' నే సిఫారసు చేస్తున్నాం. నాలుగు సంపుటాలు. మొదటిది 30 నుంచి 25 క్యూ (ఆటగాడి స్థాయి, అంకె తగ్గేకొద్దీ ఆట మెరుగు) వాళ్ళకి, రెండోది 25 నుంచి 20, మూడోది 20 నుంచి 15 క్యూ అని వేశారు. ఇంగ్లిష్ పుస్తకమే అయినా మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. తెలుగు మీడియం పిల్లలు కూడా ఇబ్బంది లేకుండా చదువుకుంటున్నారు. పిల్లల కోసం అటారి, లాడర్, నెట్, స్నాప్‌బ్యాక్, కో లాంటి మాటలకు బొమ్మలతో ఒక పేజీ తయారు చేసి ప్రతి సంపుటిలో పెట్టాం.

అట్ట మీద వేసిన స్థాయిని మాత్రం నమ్మొద్దు. ఆ క్యూ లెక్క పాత జపాన్ లెక్క. ఇప్పటి ఆన్‌లైన్ సర్వర్లలో ఒక్కోదానిది ఒక్కో లెక్క. సర్వర్‌లో 15 క్యూ ఉన్నవాళ్ళు కూడా మూడో సంపుటిలో తడబడటం మామూలే. మన గ్రంథాలయంలో పాటిస్తున్న పరీక్ష ఇది. పుస్తకం నడిమి పేజీ తెరిచి వరుసగా పది సమస్యలు చూడండి. ఒక్కోదానికి ఒక నిమిషం. బోర్డు మీద రాళ్లు పెట్టకుండా, జవాబు చూడకుండా ఏడో ఎనిమిదో వస్తే అది మీ పుస్తకం. మూడు నాలుగే వస్తే కిందిది తీసుకోండి. పదికి పదీ వస్తే కూడా పక్కన పడేయకండి. అలాంటి పుస్తకం వేగంగా తిరగేస్తే ఆకారాలు కంటికి అలవాటవుతాయి, ఆటలో అవి తట్టడానికి ఆలోచన అక్కర్లేకుండా పోతుంది.

సమస్య చదవడం

సమస్య చదవడమంటే మొదటి రాయి ఎక్కడో ఊహించడం కాదు. మన రాయి, దానికి ఎదుటివాడి గట్టి జవాబు, మళ్ళీ మన రాయి, ఇలా చివరిదాకా మనసులోనే నడిపించాలి. ఎదుటివాడికి మనకు అనుకూలమైన జవాబు అంటగట్టడమే అందరిలో కనిపించే తప్పు. అందుకే ఆదివారం సాధనలో నోటుపుస్తకంలో మొదటి రాయితో పాటు ఎదుటివాడి రెండు జవాబులు కూడా రాయమంటున్నాం. తర్వాతే జవాబు పేజీ. సరైన జవాబు బొమ్మతో ఆగిపోకుండా తప్పు జవాబు బొమ్మ కూడా చూడాలి. అది ఎందుకు పనికిరాదో చూపించేది ఆ బొమ్మే.

సాధనలో మొట్టమొదట పట్టుకున్నది రెండో గీత మీది గుంపు. అంచు నుంచి రెండో గీత మీద వరుసగా ఆరు నల్లరాళ్లు ఉన్నాయనుకోండి. పైనా, రెండు కొసలా తెల్లరాళ్లు మూసేశాయి. నల్లకు మిగిలింది మొదటి గీత మీద ఆరు చోట్లు. తెల్ల ఒక కొసన చివరి నల్లరాయి కిందికి దూరుతుంది, నల్ల పక్కనే అడ్డం వేస్తుంది. రెండో కొసనా అంతే. లోపల మిగిలినవి రెండు చోట్లు, వాటితో రెండు కళ్ళు (గుంపు బతకడానికి కావలసిన, విడివిడిగా ఉండే రెండు ఖాళీలు) పడవు. పోనీ నల్లే ముందు ఆడితే? ఒక కొస మూసుకుంటుంది. తెల్ల రెండో కొసన దూరుతుంది, నల్ల అడ్డం వేస్తుంది. లోపల వరుసగా మూడు చోట్లు. కానీ వంతు తెల్లది. నడిమి చోట రాయి పెట్టిందా, గుంపు పోయినట్టే. అంటే ఆరు రాళ్లుంటే ముందు ఆడినా బతకదు. ఏడుంటే ఎవరు ముందు ఆడితే వాళ్ళదే. ఎనిమిదుంటే తెల్ల ముందు ఆడినా లోపల వరుసగా నాలుగు చోట్లు మిగులుతాయి కాబట్టి బతుకుతుంది. మూలలో ఇంకా తేలిక, అక్కడ నాలుగైతే చావు, ఆరైతే బతుకు. దీన్ని బట్టీ పడితే మరిచిపోతారు. రాళ్లు పెట్టి ఒక్కసారి తేల్చుకుంటే మరవరు.

దీని తర్వాత కంటి ఆకారాలు. లోపల వరుసగా మూడు చోట్లుంటే నడిమిది ఎవరు ముందు పట్టుకుంటే వాళ్ళది. వరుసగా నాలుగుంటే బతికినట్టే. చదరంగా నాలుగుంటే చచ్చినట్టే. టీ ఆకారపు నాలుగు మళ్ళీ వంతును బట్టి. ఇవి రాకుండా పెద్ద సమస్యల్లోకి దిగితే చివరి ఎత్తు దాకా సరిగ్గా లెక్కపెట్టి కూడా ఫలితం చెప్పలేక ఆగిపోతారు.

ఇంకో చిక్కు ఉంది. అధ్యాయం పేరు స్నాప్‌బ్యాక్ (ఒక రాయి బలిచ్చి వెంటనే గుంపును పట్టే ఎత్తు) అని ఉంటే కింద ఉన్న సమస్యలన్నిటికీ జవాబు స్నాప్‌బ్యాకే అని ముందే తెలిసిపోతుంది. ఆటలో ఎవరూ అలా చెప్పరు. అందుకని పుస్తకం ఒకసారి పూర్తయ్యాక వేర్వేరు అధ్యాయాల్లోంచి కలిపి, సమస్య నంబర్లు చీటీల మీద రాసి తీయిస్తున్నాం. తప్పిన సమస్యలు వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి మళ్ళీ చేయాలి. ఒకే పుస్తకం మూడుసార్లు చేయడం మూడు పుస్తకాలు ఒక్కోసారి చేయడం కన్నా మేలు. ఈ మాట మీద కార్యవర్గంలో అందరూ గట్టిగా ఉన్నారు.

ఆ తర్వాత

కానో రెండు సంపుటాలు ఆగకుండా చేయగలిగినవాళ్ళు జేమ్స్ డేవీస్ 'టెసుజి' తీసుకోవచ్చు, దాని వెనకే అదే రచయిత 'లైఫ్ అండ్ డెత్'. మొదటిది ఎత్తుల్ని ముందుగా లెక్కపెట్టడం నేర్పుతుంది, రెండోది మూలల్లో, అంచుల్లో పదేపదే వచ్చే ఆకారాల్ని వరుసగా చూపిస్తుంది. రెండూ నెమ్మదిగా చదవాల్సినవి. వీటి మధ్య ఊపిరి తీసుకోవడానికి కగెయామా తోషిరో 'లెసన్స్ ఇన్ ది ఫండమెంటల్స్ ఆఫ్ గో' బాగుంటుంది. అది సమస్యల పుస్తకం కాదు, పాఠాల పుస్తకం. లాడర్, నెట్ (దూరం నుంచే వల వేసి పట్టడం) దగ్గరే మొదలుపెట్టి, తెలుసు అనుకున్నవి సరిగ్గా తెలియవని చూపిస్తుంది. కాస్త ఇంగ్లిష్ వచ్చినవాళ్ళే చదవగలరు. పిల్లలకు పెద్దవాళ్ళు చదివి చెప్పాలి.

ఓపెనింగ్‌కు ఓటకె హిడెయో 'ఓపెనింగ్ థియరీ మేడ్ ఈజీ' ఒక్కటి చాలు. ఇరవై సూత్రాలు, చిన్న పుస్తకం.

జోసెకి పుస్తకాల విషయంలో జాగ్రత్త పడాల్సిన కారణం ఇంకోటి ఉంది. 2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్, కొరియా ఆటగాడు లీ సెడోల్‌ను 4-1తో ఓడించింది. 2017 మేలో చైనా ఆటగాడు కే జియె మీద 3-0. ఆ తర్వాత ప్రొఫెషనల్ ఆటగాళ్ళ మూల ఎత్తులే మారిపోయాయి. 4-4 రాయి (మూలలో రెండు అంచుల నుంచీ నాలుగో గీతలు కలిసే చోటి రాయి) కింద మొదట్లోనే 3-3లోకి దూరడం తప్పని పాత పుస్తకాలు చెప్పేవి. ఇప్పుడు అది రోజూ కనిపించే ఎత్తు. 2016కు ముందు అచ్చయిన జోసెకి పుస్తకం ఇది మంచిది, ఇది నష్టం అని తేల్చిన చోట్ల ఆ తీర్పు ఇప్పుడు నిలుస్తుందని చెప్పలేం. చావు బతుకుల సమస్యలకు ఈ బెడద లేదు. అంచున రెండో గీత మీద మూసేసిన ఆరు రాళ్ల గుంపు ఎప్పుడైనా చచ్చేదే. చైనాలో 1349 నాటి 'షువాన్‌షువాన్ చీజింగ్', జపాన్‌లో 1713 నాటి 'ఇగో హత్సుయోరోన్' సమస్యలు నేటికీ ప్రొఫెషనల్స్ చేస్తున్నారంటే కారణం ఇదే. సంఘం డబ్బు సమస్యల పుస్తకాల మీద పెట్టడానికి కూడా ఇదే పెద్ద కారణం.

పాత ఆటల సంకలనాలు చదివేటప్పుడు కోమి (రెండో వంతు ఆడినందుకు తెల్లకు ఇచ్చే అదనపు పాయింట్లు) చూసుకోండి. జపాన్‌లో 2002 వరకు అయిదున్నర, ఆ తర్వాత ఆరున్నర. చైనా నియమాల్లో ఏడున్నర. పుస్తకంలో నల్లకు బాగుందన్న చోట ఇప్పటి కోమితో లెక్కేస్తే తెల్లకు మొగ్గొచ్చు. యోసె (ఆట చివరి ఎత్తులు) పుస్తకాల్లో ఎత్తు విలువకు రెండు లెక్కలున్నాయి. డెయిరి లెక్కలో 6 అనిపించుకున్న గోతె (వంతు ఎదుటివాడికి పోయే) ఎత్తు మియాయ్ లెక్కలో 3. పుస్తకం ఏ లెక్క వాడుతోందో ముందుమాటలో చూడకుండా రెండు పుస్తకాలు కలిపి చదివితే అంతా గందరగోళం. ఇంగ్లిష్ పుస్తకాల్లో నిలువు గీతల పేర్లు ఏ నుంచి టీ వరకు ఉంటాయి, మధ్యలో ఐ అక్షరం వదిలేస్తారు. ఇది తెలియక పిల్లలు హెచ్ తర్వాత అన్ని రాళ్లూ ఒక గీత పక్కకు పెట్టేస్తున్నారు.

తెప్పించుకోవడం

ఆబిడ్స్ ఆదివారం సంతలో చదరంగం పుస్తకాలు దొరుకుతాయి కానీ గో పుస్తకాల మీద ఆశ పెట్టుకోవద్దు. ఆన్‌లైన్‌లోనే కొనాలి. మన దేశపు దుకాణాల్లో ఒకే పుస్తకం ఇద్దరు అమ్మకందార్ల దగ్గర రెండు మూడు రెట్ల తేడాతో కనిపిస్తుంది, కాబట్టి పేరుతో కాక ఐఎస్‌బీఎన్ నంబరుతో వెతకండి. సంపుటి నంబరు రెండుసార్లు చూసుకోండి. కానో పుస్తకానికి నాలుగు సంపుటాలున్నాయి, ఒకటి బదులు నాలుగు వస్తే వెనక్కి పంపే ఖర్చు పుస్తకం ఖరీదంత అవుతుంది.

విదేశం నుంచి తెప్పిస్తే ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయాలి, పని కాగానే ఆఫ్ చేయాలి. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు. కొరియర్ వాళ్ళు కేవైసీ అడుగుతారు. ఆర్డరులోని పేరు, ఆధార్‌లోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. సంఘం పేరుతో ఆర్డరు పెడితే పార్సెల్ అక్కడే ఆగుతుంది. అందుకే కార్యవర్గంలో ఒకరి పేరుతో పెడుతున్నాం. తపాలా ఖర్చు ఒక్క పుస్తకానికైతే భారం, అయిదారు కలిపితే తలా కొంచెమే పడుతుంది. నల్లగొండ 508001 చిరునామాకు ఒకే పార్సెల్ తెప్పించి, పాలమూరు వాళ్ళవి ఆర్టీసీ కార్గోలో పంపుతున్నాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏ పార్సెలైనా లోపల ప్లాస్టిక్ కవరు ఉండాల్సిందే. విప్పేటప్పుడు పేజీలు, అచ్చు వరుస చూసి, లోపం ఉంటే ఆ రోజే ఫొటో తీసి అమ్మినవాళ్ళకు పంపాలి.

ఐఫోన్, ఐప్యాడ్ ఉన్నవాళ్ళు స్మార్ట్‌గోలో ఇవే పుస్తకాల్లో చాలావాటిని కొనుక్కోవచ్చు. బొమ్మ మీద వేలు పెడితే రాళ్లు కదులుతాయి. అయితే సమస్యలకు అదే ఇబ్బంది. వేలు ముందు కదిలి, ఆలోచన వెనకపడుతుంది. పాఠాల పుస్తకం అందులో, సమస్యల పుస్తకం కాగితం మీద చదవమని మా సలహా. దొంగ కాపీలు, జిరాక్స్ కట్టలు గ్రంథాలయంలోకి తీసుకోవడం లేదు. గో పుస్తకాలు అచ్చేసేవాళ్ళే తక్కువ, వాళ్ళు మూతపడితే మనకు పుస్తకాలుండవు. పైగా జిరాక్స్‌లో రాళ్ల మీది నంబర్లు అలికినట్టు వస్తాయి.

వచ్చే ఏడాదికి

'టెసుజి' రెండో ప్రతి, కానో మూడో సంపుటి రెండు ప్రతులు పాలమూరు గ్రంథాలయానికి కొనాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. జోసెకి నిఘంటువు కోసం వచ్చిన వినతిని ఈసారికి వాయిదా వేశాం. పుస్తకాల్లో పెన్నుతో గానీ పెన్సిల్‌తో గానీ జవాబులు గుర్తు పెట్టొద్దు, తర్వాతివాళ్ళకు ఆ సమస్య పనికిరాకుండా పోతుంది. అట్ట వెనక్కి విరిచి బోర్లా పెట్టొద్దు, ఇవన్నీ జిగురు బైండింగులే. ఉమ్మడి ఆర్డరులో సొంతానికి పుస్తకం కావలసినవాళ్ళు పది సమస్యల పరీక్ష చేసి, ఐఎస్‌బీఎన్ నంబరుతో సహా సర్వసభ్య సమావేశం నాటికి గ్రంథాలయ బాధ్యులకు రాసివ్వండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి