పెద్దయ్యాక పళ్లు కదలవని ఎవరన్నారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పళ్లకు క్లిప్పులు వేయించుకోవడం గురించి ఒక వ్యాసం వచ్చింది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బల్ల మీద కూర్చుని చదివాను. బాగానే రాశారు. కానీ చివర్లో ఒక మాట అన్నారు. పెళ్లీడు దాటకముందే వేయించుకోవాలట, ఆ తర్వాత ఎముక గట్టిపడిపోతుంది కాబట్టి ప్రయోజనం ఉండదట. అది చదివి నాలుకతో నా పళ్లు ఒకసారి తడిమి చూసుకున్నాను. నాకు 42 ఏళ్లు. నిరుడు జూన్ నుంచి నా నోట్లో క్లిప్పులున్నాయి. పైన రెండు పళ్లు తీయించిన ఖాళీ సగానికి పైగా మూసుకుపోయింది. ప్రయోజనం లేకపోతే మరి ఆ పళ్లను ఎవరు తోశారంటారు?

నేను సిటీ బస్సులో కండక్టర్‌ని. పదిహేనేళ్ల సర్వీసు. టికెట్లు కొట్టేది మిషనే అయినా, ఇది నోటితో బతికే ఉద్యోగం.

చిన్నప్పుడు కంచరపాలెంలో మా వీధి పిల్లలు నన్ను కొబ్బరికోరు అని పిలిచేవారు. క్లిప్పులనేవి ఉంటాయని అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పెళ్లి ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నేను పెదవి విప్పలేదు. అదంతా పాత కథ, ఎప్పుడో అలవాటైపోయింది. నలభై దాటాక వేరే బాధ మొదలైంది. కింది పళ్లు పైకి వచ్చి అంగిట్లో గుచ్చుకునేవి. అన్నం నములుతుంటే ఒక్కోసారి రక్తం రుచి తగిలేది. కింది ముందుపళ్లు సాయంత్రం ఆరింటప్పుడు మా బస్సులో జనంలాగ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి. సందుల్లోకి బ్రష్ పోదు. గార పేరుకుని చిగుళ్లు వాచేవి. అందం కోసం కాదు, ఆరోగ్యం కోసమే అని అందరికీ చెబుతుంటాను. మీకు నిజం చెప్పాలి కదా, కొంచెం అందం కోసం కూడా.

మొదట వెళ్లిన చోట, పేరెందుకు లెండి, ఎక్స్‌రే కూడా తీయకుండా ‘ఆరు నెలల్లో అయిపోతుంది మేడమ్, ఈరోజే వేసేద్దాం’ అన్నారు. బోర్డు చూడకుండా బస్సెక్కే అలవాటు నాకు లేదు. లేచి వచ్చేశాను. రెండోచోట ఉన్న డాక్టరమ్మ ఆర్థోడాంటిస్టు, అంటే అయిదేళ్ల బీడీఎస్ తర్వాత మరో మూడేళ్లు ఈ పళ్లు సరిచేసే చదువే చదివిన మనిషి. దవడ మొత్తానికి ఒక ఎక్స్‌రే, ముఖానికి పక్కనుంచి ఒక ఎక్స్‌రే తీయించి, పళ్ల అచ్చులు తీసుకుని, ముందు చిగుళ్ల సంగతి చూద్దామన్నారు. రెండుసార్లు పళ్లు క్లీన్ చేసి, వాపు తగ్గేదాకా నెలన్నర ఆపారు. చిగుళ్లు చెడి ఉండగా పళ్లను లాగితే ఉన్నవి కూడా వదులైపోతాయట.

ఈ వయసులో కదులుతాయా అని నేనూ అడిగాను. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. పన్ను గోడలో మేకులాగ బిగిసి ఉండదు. వేరు చుట్టూ నారల్లాంటి సన్నటి పొర ఉంటుంది. క్లిప్పుల్లోంచి వెళ్లే తీగ ఒకవైపుకి నెడుతుంటే ఆ వైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది, వెనకవైపు కొత్త ఎముక పడుతుంది. పదిహేనేళ్లకైనా అరవై ఏళ్లకైనా జరిగేది ఇదే, మనలాంటి వాళ్లలో కాస్త నిదానం. నెలకు ఒక మిల్లీమీటరు కదిలితే గొప్పే. పిల్లల దవడ ఇంకా పెరుగుతుంటుంది కాబట్టి ఆ ఎదుగుదలను కూడా దారిలో పెట్టొచ్చు. పెద్దవాళ్లకు ఆ వీలు లేదు, దవడ ఎముకలోనే తేడా బాగా ఉంటే ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు. మీ వ్యాసం రాసినవారు దవడ సంగతి, పళ్ల సంగతి కలిపేశారని నా అనుమానం.

బాగున్న పళ్లు రెండు పీకించుకుంటున్నానని తెలిసి మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, ‘పైపన్ను పీకితే కళ్లు పోతాయే’ అని ఏడ్చింది. ఈ మాట మీ పాఠకుల్లో కూడా చాలామంది నమ్ముతారు. పంటికి వెళ్లే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు, రెండింటికీ సంబంధం లేదని డాక్టరమ్మ అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు. అమ్మ తలూపింది. పళ్లు తీయించుకుని ఇంటికి వచ్చాక గోడమీద క్యాలెండర్ చూపించి ‘ఇవాళ తిథేంటో చదువు’ అంది. చదివాను. అప్పటికి గాని ఆవిడకు నమ్మకం కుదరలేదు.

మొదటి తీగ గురించి మా ఆయనకు భలే సరదా. ఆయన డాక్‌యార్డులో ఫిట్టర్. నికెల్, టైటానియం కలిపిన ఆ తీగను నిటినాల్ అంటారు. 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళం ప్రయోగశాలలో దాని గుణం బయటపడింది, ఇంగ్లిషులో రాస్తే పేరు చివరి మూడక్షరాలు (NOL) ఆ ప్రయోగశాలవే. ఎంత వంచినా మళ్లీ తన పాత ఆకారానికే వస్తుంది, వస్తూ వస్తూ పళ్లను లాక్కొస్తుంది. ‘నేవీ సరుకమ్మా, మన ఊరికి తగ్గది’ అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ నా నోరు చూపించి చెప్పేవాడు. వేడి తగిలితే ఇంకా బిగుస్తుంది, చల్లబడితే మెత్తబడుతుంది. అందుకే మొదటి వారం టీ తాగితే పళ్లు పట్టి లాగినట్టు ఉండేది, చల్లటి నీళ్లు పుక్కిట పట్టుకుంటే హాయిగా ఉండేది. డిపో దగ్గర టీ కొట్టాయనకు నా మీద కోపం కూడా వచ్చింది.

అసలు కష్టం మాటతో వచ్చింది. మన ఊళ్లో స్టాపుల పేర్లు ఎన్ని ‘స’తో మొదలవుతాయో నాకు అప్పుడే తెలిసింది. సిరిపురం, సీతమ్మధార, సత్యం జంక్షన్, సూర్యాబాగ్, సాలిగ్రామపురం, సింధియా, చివరికి ఆ అప్పన్న ఉండే సింహాచలం కూడా. సెలవు అయిపోయి డ్యూటీ ఎక్కిన మొదటిరోజు ‘సిరిపురం’ అని అరిస్తే ‘థిరిపురం’ అని వచ్చింది. వెనక సీట్లో కాలేజీ కుర్రాళ్లు వెంటనే అందుకున్నారు. ‘థిరిపురం దిగాలి థర్లూ’ అని. నేను వాళ్లను ఏమీ అనలేదు. అనాలంటే మళ్లీ ‘స’ పలకాలి. రాత్రి గిన్నెలు తోముకుంటూ స్టాపులన్నీ వరసగా పైకి చదివేదాన్ని. మా అబ్బాయి పక్కగదిలోంచి ‘అమ్మా, మద్దిలపాలెం దగ్గర ఆపు, దిగిపోతాను’ అని అరిచేవాడు. నాలుగు వారాలకి నాలుక సర్దుకుంది. ‘రైట్ రైట్’ మాత్రం మొదటిరోజు నుంచీ బాగానే పలికింది, దానికి నేను రుణపడి ఉన్నాను.

విజిల్ సంగతి ఏ డాక్టరూ చెప్పదు. పెదవుల మధ్య విజిల్ బిగిస్తే లోపల క్లిప్పుల అంచులు చర్మంలోకి దిగుతాయి. మొదటి పదిహేను రోజులు పెదవి లోపలివైపు అంతా పుళ్లే. దీనికి చిన్న డబ్బాలో మైనం ఇస్తారు. వేళ్లతో తడి తుడిచి, బఠాణీ గింజంత తీసుకుని, గుచ్చుకునే క్లిప్పు మీద అద్దాలి. నా ఖాకీ చొక్కా జేబులో చిల్లరతో పాటు ఆ డబ్బా ఉంటుంది. ఒకసారి ఎన్ఏడీ దగ్గర ఆటో అడ్డమొచ్చి డ్రైవర్ గట్టిగా బ్రేకు కొట్టాడు. నా మూతి వెళ్లి రాడ్డుకి తగిలింది. పన్ను బాగానే ఉంది, పెదవే లోపల చిట్లింది. డ్రైవర్ పాపం వెంటనే బస్సు ఆపి నీళ్లిచ్చాడు. అంతకుముందు వారమే ‘మేడమ్ నోటికి కూడా బ్రేకులు పడ్డాయిరా’ అని డిపో అంతా చెప్పింది కూడా ఆయనే.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలై ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మా బస్సులో సగానికి పైగా ఆడవాళ్లే. ఆధార్ చూపించి జీరో టికెట్టు తీసుకునే ఆ అరనిమిషంలో నా నోటి మీద ఒక ప్రశ్న తప్పదు. రైతుబజారు నుంచి గంపతో ఎక్కిన ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, ‘ఏటమ్మా, పళ్లకి కంచేసీసినావు? ఈ వయసులో మళ్లీ పెళ్లేటి?’ అంది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. పెదవి క్లిప్పుకి పట్టుకుని కిందికి దిగలేదు, దాంతో ఇంకా నవ్వారు. అలాంటివాళ్లతో నాకు పేచీ లేదు. ‘ఇప్పుడెందుకండీ, ఇంకెన్నాళ్లు బతుకుతాం’ అని చదువుకున్నవాళ్లు జాలిగా అంటారు చూడండి, అది ఒళ్లు మండుతుంది. కళ్లజోడు వేసుకుంటే ఎవరూ అలా అడగరు కదా.

తిండి గురించి రాయాలంటే చాలా ఉంది. మొదటివారం చోడంబలి, పప్పన్నం మెత్తగా పిసికి, ముంజలు ఇంకా దొరుకుతున్నాయి కాబట్టి ముంజలు. ఆ తర్వాత అన్నీ తింటున్నాను, ముక్కలు చేసుకుని. బీచ్‌లో మొక్కజొన్న పొత్తు కొరకడం మానేసి గింజలు ఒలుచుకుని తింటాను. నెత్తళ్ల వేపుడు వదల్లేకపోయాను. అది తిన్నాక గంటసేపు సందుల్లో ముళ్లు వెతుక్కోవాలి, అయినా తింటాను. క్లిప్పుల మీద వేసే రబ్బరు రింగులు తెల్లవి ఎంచుకోకండి, మన కూరల పసుపుకి రెండు రోజుల్లో అవి పసుపుకొమ్ముల్లాగ తయారవుతాయి. నేను ముదురు నీలం వేయించుకుంటాను. సంక్రాంతికి మా అత్తగారు పోకుండలనే పిండివంట చేస్తే, ఒకటి మెత్తగానే ఉందనుకుని కొరికాను. క్లిప్పు ఊడి తీగ మీద బట్టల క్లిప్పులాగ వేలాడింది. పండగ మూడురోజులూ అలాగే గడిపి, కనుమ మర్నాడు వెళ్లి అతికించుకున్నాను. ఆ పంటి పని నెల వెనక్కి పోయిందన్నారు.

బ్రష్ చేయడానికి అంతకుముందు రెండు నిమిషాలు పట్టేది. ఇప్పుడు పది. సందులకి వేరే చిన్న బ్రష్ ఉంటుంది, పాలసీసాలు కడిగే బ్రష్‌కి పిల్లలాగ. ఏది తిన్నా నోరు కడగాలి, లేకపోతే క్లిప్పులు తీసేశాక వాటి చుట్టూ పన్ను మీద తెల్లమచ్చలు మిగిలిపోతాయి. భోజనమయ్యాక కాంప్లెక్స్‌లో కొళాయి దగ్గర చేతి అద్దం పట్టుకుని నిలబడే ఆడమనిషిని మీరెప్పుడైనా చూసి ఉంటే అది నేనే.

ఖర్చు 45,000 రూపాయలు, వాయిదాల మీద కడుతున్నాను. స్టీలు రంగువే, కనపడనివి నా జీతానికి అందవు. నాలుగైదు వారాలకొకసారి వీక్లీ ఆఫ్ రోజున వెళ్లి తీగ మార్పించుకుంటాను. ఆ రెండు రోజులు నాతో ఎవరూ చిల్లర గురించి వాదించకపోతే మంచిది. క్లిప్పులు తీశాక కూడా, పళ్లను కొత్త చోటే నిలిపి ఉంచే రిటైనర్ రాత్రిళ్లు పెట్టుకోవాలి, అదీ ఏళ్ల తరబడి. పళ్లకు పాత చోటు మీద మమకారం పోదట, వదిలేస్తే వెనక్కి నడుస్తాయి. ఆ రిటైనర్ ఖర్చు ప్యాకేజీలో ఉందో లేదో ముందే అడగమని మీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉంటే ఎంతోమందికి పనికొచ్చేది.

కాబట్టి నా మనవి ఏమిటంటే, ‘పెద్దయ్యాక ప్రయోజనం ఉండదు’ అన్న వాక్యానికి సవరణ వేయండి. మళ్లీ ఎప్పుడైనా ఈ విషయం రాస్తే, బొమ్మకి పద్దెనిమిదేళ్ల అమ్మాయినే కాకుండా నడివయసు మనిషిని ఒకరిని కూడా పెట్టండి. నా ఫొటో మాత్రం అడక్కండి. ఇంకా పది నెలలు పడుతుందన్నారు, అప్పుడైతే నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక సిటీ బస్సు కండక్టర్,
కంచరపాలెం, విశాఖపట్నం
(పేరు ప్రచురించవద్దని మనవి)