‘బాతు మాంసం’ అని రాస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ పాఠకుల పేజీలో బాతు మాంసం గురించి ఇద్దరు రాసిన ఉత్తరాలు చదివాను. అంతా కొవ్వే, తినలేకపోయామని ఒకరు రాశారు. కొవ్వన్నదే లేదు, ఎంత ఉడికించినా పీచులా ఉందని ఇంకొకరు రాశారు. ఎదుటివాళ్లకు వండటం రాదన్నట్టుగా ఇద్దరి మాటా సాగింది. నేను పన్నెండేళ్లుగా బాతులు పెంచుతున్నాను. ఇద్దరూ నిజమే చెప్పారని నా నమ్మకం. వాళ్ల గిన్నెల్లో పడింది ఒకే రకం పక్షి కాదు, అంతే. కానీ ఇద్దరూ కొన్న ప్యాకెట్ మీద ఉన్నది మాత్రం ఒకటే మాట: బాతు మాంసం. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

మాంసం కోసం పెంచే బాతుల్లో ముఖ్యమైనవి రెండు రకాలు: పెకిన్, మస్కోవీ. పెకిన్ చైనాలో పుట్టిన తెల్ల బాతు. 1873లో అమెరికా చేరింది, ఆ తర్వాత చాలా దేశాల్లో మాంసం బాతు అంటే అదే అయింది. దాని మూలం మల్లార్డ్ అనే అడవి బాతు. మస్కోవీ అసలు వేరే జాతి. దక్షిణ, మధ్య అమెరికా అడవుల్లో చెట్టు తొర్రల్లో గూడు పెట్టుకునే పక్షి అది. పెకిన్ గుడ్డు 28 రోజుల్లో పిల్లవుతుంది, మస్కోవీకి 35 రోజులు కావాలి. ఈ రెండింటినీ కలిపితే పుట్టే సంకర బాతు గుడ్డు నుంచి పిల్ల రాదు. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదలాగే అది గొడ్డుది. అందుకే దాన్ని మ్యూల్ బాతు అంటారు. ఇంత దూరపు చుట్టాలను ఒకే పేరుతో అమ్ముతున్నాం.

పెకిన్ ఆరేడు వారాలకే సుమారు మూడు కిలోల బరువు తూగుతుంది. శుభ్రం చేసిన బాతు బరువులో దాదాపు నాలుగో వంతు చర్మం, దాన్ని అంటుకున్న కొవ్వే. కొన్ని వంశాల్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇది లోపం కాదు. చర్మంతో సహా కాల్చుకునేవాళ్లకు ఆ కొవ్వే కావాలి, అది కరిగి కారుతూ కండను ఎండిపోనివ్వదు. మస్కోవీలో కొవ్వు తక్కువ, ఛాతీ కండ ఎక్కువ, రంగు ఇంకా ముదురు ఎరుపు. దాన్ని పెకిన్‌లాగే పెద్ద మంట మీద చాలాసేపు ఉంచితే పీచు కాక ఏమవుతుంది? రెండో ఉత్తరం రాసినవారికి జరిగింది ఇదేనేమో అనుకుంటున్నాను.

ఇక మగా ఆడా సంగతి. “మగ బాతు మాంసం గట్టి, ఆడ బాతుది మెత్తన” అని అందరూ ఒకే ముక్కలో తేల్చేస్తారు. అది అన్ని జాతులకూ వర్తించదు. పెకిన్‌లో మగది కాస్త బరువు ఎక్కువ, ఆడదానికి కాస్త కొవ్వు ఎక్కువ. ఒకే వయసులో కోస్తే నాలుకకు తెలిసేంత తేడా మామూలుగా ఉండదు. మస్కోవీలో కథ వేరు. ఆడది పదో వారానికి రెండున్నర కిలోల దగ్గర ఎదుగుదల ఆపేస్తుంది. మగది పన్నెండో వారం దాకా పెరుగుతూ నాలుగున్నర కిలోలు దాటుతుంది. ఒక గూటి పిల్లలే, కానీ ఒకటి ఇంకోదానికి దాదాపు రెట్టింపు! మాంసమూ అంతే. ఆడదానికి త్వరగా కొవ్వు పడుతుంది, మగదాని కండ ముతక. ముదిరిన మగదానికి ఒక ఘాటు వాసన కూడా వస్తుంది. మ్యూల్ బాతుల్లో ఆ తేడా మళ్లీ బాగా తగ్గిపోతుంది. అంటే మగదా ఆడదా అన్న ప్రశ్నకు, ముందు జాతి ఏమిటో తెలిస్తే తప్ప జవాబు లేదు.

దీనికి వయసు కూడా తోడవుతుంది. నన్నడిగితే గందరగోళమంతా ఇక్కడే ఉంది. బాతు పిల్ల పుట్టిన మర్నాటికే నడుస్తుంది, ఈదుతుంది. కాబట్టి కాళ్ల కండ ముందు పెరుగుతుంది. ఎగరడం తర్వాతి పని. మల్లార్డ్ పిల్ల కూడా ఏడెనిమిది వారాలకు గానీ గాలిలోకి లేవదు. ఎగరడానికి వాడే ఛాతీ కండ ఆ లెక్కనే ఆలస్యంగా నిండుతుంది. తొందరపడి కోస్తే లెగ్ పీస్ బాగానే ఉంటుంది, ఛాతీ మాత్రం పలకలా ఉంటుంది. ఆగితే ఛాతీ నిండుతుంది, కానీ పెకిన్‌కు కొవ్వూ పెరుగుతుంది. పైగా కొత్త ఈకల మొలకలు వచ్చి, పీకడం నరకమవుతుంది. ఏడు వారాల పెకిన్‌నూ ఏడు వారాల మస్కోవీనీ పక్కపక్కన పెట్టి “ఇదే మేలు” అని తీర్పు చెప్పేవాళ్లను చూశాను. ఒకటి కోతకు వచ్చింది, ఇంకోటి ఇంకా పిల్ల. ఆ పోలికకు అర్థం లేదు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక వ్యాపారి నా మస్కోవీ మందను మొత్తం ఒకే రోజు ఎత్తుకెళతానన్నాడు. ఆడవి ఇప్పుడు తీసుకో, మగవి ఇంకో రెండు వారాలు ఉంచుతాను అని బతిమాలాను. బండి రెండుసార్లు రాదన్నాడు. ఒప్పుకోక తప్పలేదు. అన్నీ కలిపి ఒకే పేరుతో అమ్మాడు. తిన్నవాళ్ల నుంచి వచ్చిన ఫిర్యాదులు మాత్రం నా దగ్గరికి వచ్చాయి: ఒకరికి కొవ్వెక్కువ, ఒకరికి కండే లేదు. ఆ రోజు నుంచి పిల్లలప్పుడే మగా ఆడా విడదీసి వేరు వేరు దొడ్లలో పెంచుతున్నాను. అలా చేస్తే మగవి దాణా దగ్గర ఆడవాటిని తోసేయడమూ ఉండదు. పని పెరిగింది. ప్యాకెట్ మీద ఆ విషయమే లేనప్పుడు ఆ కష్టానికి విలువ ఎక్కడిది?

గుడ్ల బాతుల సంగతి కూడా ఉంది. ఖాకీ క్యాంప్‌బెల్ లాంటివి ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టగలవు. గుడ్లు తగ్గాక ఆ ముదురు ఆడ బాతులనూ మాంసానికే అమ్ముతారు. తప్పేం లేదు, సన్నని సెగ మీద ఓపిగ్గా ఉడికిస్తే మంచి రుచి వస్తుంది. కానీ లేత మాంసం బాతు పేరుతో వాటిని అంటగట్టడం మోసం. ఆడదంటే మెత్తన అనే నమ్మకం పెట్టుకున్నవాళ్లు ముందుగా మోసపోయేది ఇక్కడే.

నేను అడిగేది చిన్న విషయం. ప్యాకెట్ మీద, దుకాణం బోర్డు మీద మూడు మాటలు ఉండాలి: జాతి, మగదా ఆడదా, కోసేనాటికి ఎన్ని వారాలు. ఇది ఊహల్లోని కోరిక కాదు. యూరోపియన్ యూనియన్ 2008లో తెచ్చిన కోడి, బాతు మాంసాల అమ్మకపు నిబంధనల్లో మామూలు బాతు, మస్కోవీ, సంకర బాతు అని వేరు వేరు పేర్లు ఉన్నాయి. లేత బాతు అని అమ్మాలంటే దాని రొమ్ము ఎముక కొస ఇంకా మెత్తగా వంగాలి. ముదిరితే అది గట్టిపడుతుంది. వేలితో నొక్కి చూసే పరీక్ష అది, దానికి ల్యాబ్ అక్కర్లేదు. మాంసం పేరులో మగదా ఆడదా అని రాయాలని మాత్రం అందులోనూ లేదు, నేను దాన్ని కూడా చేర్చమంటున్నాను.

“కోసి శుభ్రం చేశాక మగా ఆడా ఎలా తెలుస్తుంది?” అని అడుగుతారు. కోసేవాళ్లకు తెలియకపోవడమంటూ ఉండదు. పెకిన్ మగదానికి తోక మీద ఈకలు మెలి తిరిగి ఉంటాయి. గొంతు బొంగురు, గట్టిగా క్వాక్‌మనేది ఆడదే. కడుపు తెరిస్తే ఇంకా స్పష్టం. మగదాని శ్వాసనాళం కింది కొసన ఒక ఎముక బుడిపె ఉంటుంది, ఆడదానికి ఉండదు. జాతి, పుట్టిన తేదీ పిల్లలు కొన్న హేచరీ (గుడ్లు పొదిగించి పిల్లలను అమ్మే కేంద్రం) రసీదులోనే ఉంటాయి. ఆ కాగితం పారేయకుండా మందతో పాటు పంపితే చాలు.

జాతి, లింగం తెలిస్తే మాంసం గురించి అంతా తెలిసిపోతుందని నేను అనను. పట్టుకునేటప్పుడు బెదరగొట్టి, బుట్టల్లో కుక్కి తీసుకెళితే ఏ జాతి మాంసమైనా చెడుతుంది. చేపల పొడి ఎక్కువ కలిపిన దాణా చివరి దాకా పెడితే నీచు వాసన వస్తుంది. ఆ నింద బాతు మోస్తుంది. వీటి మీద ఇంకో ఉత్తరం రాయొచ్చు. కానీ పక్షి ఏదో తెలియకుండా తప్పు దాణాదా, కోతదా, వంటదా అని వెతకడం ఎలా?

ముందుగా మీ వంటల పేజీని ఒకటి కోరుతున్నాను. ఇకపై బాతు మాంసం వంటకం వేసినప్పుడు అది పెకిన్‌కా, మస్కోవీకా, ఎన్ని వారాల పక్షికో ఒక్క వాక్యంలో రాయండి. అది చదివినవాళ్లు దుకాణంలో అదే ప్రశ్న అడుగుతారు. దుకాణం మమ్మల్ని అడుగుతుంది. జవాబు మా దగ్గర సిద్ధంగా ఉంది.

ఇట్లు,
ఒక బాతుల రైతు